సి భాషలో అర్రేలకు డైనమిక్ మెమరీ కేటాయింపు

సి ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాము నడుస్తున్న సమయంలోనే, అప్పటి అవసరాన్ని బట్టి అర్రేకు కావలసిన మెమరీని అడిగి తీసుకొని, పని ముగిసిన పిమ్మట దానిని తిరిగి అప్పగించే పద్ధతిని '''డైనమిక్ మెమరీ కేటాయింపు''' అంటారు. తెలుగులో దీనిని గతిశీల మెమరీ కేటాయింపు అని చెప్పవచ్చును. ఇందుకోసం సి ప్రామాణిక లైబ్రరీలో నాలుగు ప్రధాన ప్రమేయాలు, అనగా ఫంక్షన్లు, ఉన్నాయి. అవి మాలక్, కాలక్, రియాలక్, ఫ్రీ.

ఈ పద్ధతి వలన అర్రే పరిమాణాన్ని ముందుగా ఊహించవలసిన అవసరం తప్పుతుంది. అయితే ఎంత మెమరీ తీసుకున్నామో గుర్తుంచుకోవడం, ఆ హద్దు దాటకుండా వాడుకోవడం, పని తీరాక తిరిగి అప్పగించడం అనే మూడు బాధ్యతలూ ప్రోగ్రాము రాసేవారి మీదనే పడతాయి. సి భాష వీటిలో ఏ ఒక్కదానినీ తనంతట తాను నెరవేర్చదు.

ఈ వ్యాసంలో సి భాష ఆదేశాలను వాటి ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో రాయడమైనది. కంప్యూటరులో టైపు చేసేటప్పుడు వాటిని రోమన్ అక్షరాలలోనే రాయవలెను.

== నేపథ్యం ==

సి భాషను డెన్నిస్ రిచీ 1970 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో రూపొందించాడు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమును ఈ భాషలో తిరగరాయడంతో దీనికి ప్రాచుర్యం వచ్చింది. బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి రిచీ రాసిన పాఠ్యగ్రంథం 1978లో వెలువడింది. 1989లో అమెరికా జాతీయ ప్రమాణం, 1990లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడ్డాయి. పైన చెప్పిన నాలుగు ప్రమేయాలు ఆ ప్రమాణంలో భాగమే. వీటిని వాడదలచినవారు ప్రోగ్రాము మొదట్లో ఎస్‌టీడీలిబ్.హెచ్ అనే హెడర్ ఫైలును చేర్చుకోవలెను.

== అర్రే, పాయింటరు ==

ఒకే రకానికి చెందిన విలువలను మెమరీలో పక్కపక్కనే, ఖాళీ లేకుండా అమర్చితే అది అర్రే అవుతుంది. కంప్యూటరు మెమరీలో ప్రతి బైటుకూ ఒక సంఖ్య ఉంటుంది. దానిని ఆ బైటు చిరునామా అంటారు. ఒక చిరునామాను తనలో దాచుకునే చలరాశిని పాయింటరు అంటారు.

నేటి కంప్యూటర్లలో చాలావరకు ఒక ఇంట్, అనగా పూర్ణాంకం, 4 బైట్ల చోటు తీసుకుంటుంది. అర్రే 1000వ బైటు వద్ద మొదలైందనుకుంటే సున్నావ అంశం 1000 వద్ద, ఒకటవ అంశం 1004 వద్ద, రెండవది 1008 వద్ద ఉంటాయి. మొదటి చిరునామా తెలిస్తే చాలు, లెక్క కట్టి ఏ అంశం వద్దకైనా వెళ్ళవచ్చును. అందుచేతనే అర్రే మొదటి చిరునామాను ఒక పాయింటరులో ఉంచుకొని, ఆ పాయింటరు పక్కన చదరపు కుండలీకరణాలు పెట్టి, మామూలు అర్రేను వాడినట్లే వాడుకోవచ్చును. డైనమిక్ అర్రేకు ఆధారం ఈ సూత్రమే.

== స్థిర అర్రేతో ఇబ్బంది ==

ఒక తరగతి విద్యార్థుల మార్కులను భద్రపరచడానికి ఈ విధంగా రాశామనుకుందాం.

 ఇంట్ మార్కులు[60];

తరగతిలో 42 మంది ఉంటే 18 అంశాల చోటు, అనగా 72 బైట్లు, వృథా అవుతుంది. ఇది పెద్ద నష్టం కాదు. కానీ 61వ విద్యార్థి చేరితే అతని మార్కులకు చోటు లేదు. అయినప్పటికీ సి భాష అడ్డు చెప్పదు. అర్రే చివర దాటి, ఆ పక్కనున్న మరొక చలరాశి మీద ఆ విలువను రాసివేయవచ్చును. ప్రోగ్రాము అప్పటికి సజావుగా నడిచినట్లే కనబడి, తరువాత మరెక్కడో తప్పు సమాధానం ఇవ్వవచ్చును.

భయపడి 60కి బదులు పది లక్షలని రాస్తే వేరొక చిక్కు వస్తుంది. ఒక ప్రమేయం లోపల ప్రకటించిన అర్రేలు సాధారణంగా స్టాక్ అనే చోట ఉంటాయి. దాని పరిమాణం పరిమితం. లినక్స్‌లో ఇది మామూలుగా 8 మెగాబైట్లు, విండోస్‌లో 1 మెగాబైటు. అంతకు మించిన అర్రేను అక్కడ పెట్టబోతే ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోతుంది.

1999 నాటి ప్రమాణం (సి99) ప్రోగ్రాము నడిచేటప్పుడు పరిమాణం నిర్ణయించుకునే అర్రేలను అనుమతించింది. అవి కూడా సాధారణంగా స్టాక్ మీదనే ఉంటాయి కనుక పై పరిమితి వాటికీ వర్తిస్తుంది. చోటు చాలకపోతే ఆ సంగతి తెలుసుకునే మార్గం కూడా ఉండదు. 2011 ప్రమాణంలో ఈ సదుపాయాన్ని ఐచ్ఛికం చేశారు.

== స్టాక్, హీప్ ==

స్టాక్ మీది చలరాశులు తాము ఉన్న ప్రమేయం మొదలైనప్పుడు పుట్టి, అది ముగియగానే నశిస్తాయి. కనుక ఒక ప్రమేయంలోని స్థానిక అర్రే చిరునామాను బయటకు పంపితే, అందుకున్నవారికి చెల్లని చిరునామా మాత్రమే మిగులుతుంది.

హీప్ అనేది ఇందుకు భిన్నమైన మెమరీ ప్రాంతం. ఇక్కడ తీసుకున్న చోటు ప్రమేయం ముగిసినా అలాగే ఉంటుంది. ఫ్రీ ద్వారా వెనక్కు ఇచ్చేవరకు, లేదా ప్రోగ్రాము పూర్తిగా ముగిసేవరకు అది మన అధీనంలోనే ఉంటుంది. డైనమిక్ అర్రేలు ఉండేది ఇక్కడే. హీప్ అనే పేరుతోనే వేరొక దత్తాంశ నిర్మాణం కూడా కలదు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

== నాలుగు ప్రమేయాలు ==

పెళ్ళికి తరలివచ్చే మగపెళ్ళివారికి సత్రంలో విడిది ఏర్పాటు చేయడాన్ని ఇక్కడ పోలికగా తీసుకోవచ్చును. వారందరికీ ఒకే వరుసలో, పక్కపక్కన గదులు కావాలి. సత్రం గుమాస్తా ఆ వరుసలో మొదటి గది నంబరు మాత్రమే చెబుతాడు. ఎన్ని గదులు తీసుకున్నామో మనమే గుర్తుంచుకోవాలి.

* '''మాలక్''': కావలసిన బైట్ల సంఖ్యను దీనికి తెలపాలి. అంత చోటు ఉంటే దాని మొదటి చిరునామాను ఇస్తుంది. లేకపోతే నల్ అనే శూన్య చిరునామాను ఇస్తుంది. లభించిన చోటును ఇది శుభ్రం చేయదు. వెనుకటి బస వారు వదిలిన సామాను గదిలో ఉన్నట్లే, అందులో పాత విలువలు ఉండవచ్చును.
* '''కాలక్''': దీనికి అంశాల సంఖ్య, ఒక్కొక్క అంశం పరిమాణం అని రెండు విలువలు ఇవ్వాలి. చోటును ఇచ్చే ముందు బైట్లన్నింటినీ సున్నా చేస్తుంది.
* '''రియాలక్''': ఉన్న చోటును పెంచడానికి లేదా తగ్గించడానికి వాడతారు. పక్క గదులు ఖాళీగా ఉంటే అవే కలుపుతారు. లేకపోతే సామానంతా వేరొక వరుసలోకి మార్చి కొత్త గది నంబరు ఇస్తారు. అప్పుడు పాత నంబరు చెల్లదు.
* '''ఫ్రీ''': తీసుకున్న చోటును తిరిగి అప్పగిస్తుంది. పై మూడు ప్రమేయాలు ఇచ్చిన మొదటి చిరునామానే దీనికి ఇవ్వాలి. నడుమనున్న చిరునామాను ఇవ్వరాదు. నల్‌ను ఇస్తే ఏ హానీ ఉండదు.

== ఉదాహరణ ==

విద్యార్థుల సంఖ్యను అడిగి తెలుసుకొని, సరిగ్గా అంతే చోటు తీసుకునే ప్రోగ్రాములోని ముఖ్యభాగం ఇది.

 ఇంట్ ఎన్, ఐ;
 ఇంట్ *మార్కులు;
 ఇఫ్ (స్కాన్ఎఫ్("%డి", &ఎన్) != 1 || ఎన్ <= 0)
     రిటర్న్ 1;
 మార్కులు = మాలక్(ఎన్ * సైజాఫ్(ఇంట్));
 ఇఫ్ (మార్కులు == నల్)
     రిటర్న్ 1;
 ఫర్ (ఐ = 0; ఐ < ఎన్; ఐ++)
     మార్కులు[ఐ] = 0;
 /* ఇక్కడ అర్రేతో చేయవలసిన పని */
 ఫ్రీ(మార్కులు);
 మార్కులు = నల్;

ఇందులో గమనించవలసిన విషయాలు ఇవి.

మొదటిది, సైజాఫ్ వాడకం. మాలక్‌కు తెలిసినవి బైట్లే కాని పూర్ణాంకాలు కావు. 42 అని మాత్రమే రాస్తే 42 బైట్లు, అనగా పది పూర్ణాంకాల చోటు, మాత్రమే లభిస్తుంది. 42 * 4 అని నేరుగా రాయడం కూడా తగదు. మన కళాశాలల్లో చాలాకాలం వాడుకలో ఉన్న టర్బో సి కంపైలరులో ఇంట్ పరిమాణం 2 బైట్లు, ఇప్పటి కంపైలర్లలో సాధారణంగా 4 బైట్లు. సైజాఫ్ అని రాస్తే ఆ కంప్యూటరుకు తగిన విలువను కంపైలరే చూసుకుంటుంది.

రెండవది, సంఖ్య పరిశీలన. వాడుకరి పొరపాటున ఋణ సంఖ్య ఇస్తే, మాలక్ స్వీకరించేది గుర్తు లేని సంఖ్య కనుక, అది అత్యంత పెద్ద సంఖ్యగా మారిపోతుంది. అందుచేత ముందే సరిచూడవలెను.

మూడవది, నల్ పరిశీలన. చోటు దొరకని సంగతిని చూడకుండా ముందుకు పోతే శూన్య చిరునామా వద్ద రాయబోవడం జరుగుతుంది. అది సాధారణంగా ప్రోగ్రామును కూల్చివేస్తుంది.

నాలుగవది, ఫ్రీ చేసిన పిదప పాయింటరును నల్ చేయడం. ఇది తప్పనిసరి కాదు కాని మంచి అలవాటు. ఫ్రీ చేసినా పాయింటరులో పాత చిరునామా అలాగే ఉంటుంది. విడిది ఖాళీ చేసినా గది నంబరు రాసుకున్న చీటీ జేబులోనే ఉండిపోయినట్లు. ఆ చీటీ పట్టుకొని మరల అదే గదికి వెళితే అందులో వేరెవరో ఉండవచ్చును.

== అర్రేను పెంచడం ==

కొన్ని సందర్భాలలో ఎన్ని అంశాలు వస్తాయో ప్రోగ్రాము మొదలయ్యాక కూడా తెలియదు. ఉదాహరణకు, ఒక ఫైలులోని వరుసలను చివరి వరకు చదవవలసి ఉంటుంది. అప్పుడు రెండు సంఖ్యలను వేరుగా ఉంచుకోవాలి. ఒకటి సామర్థ్యం, అనగా ఎన్ని అంశాలకు చోటు ఉన్నదో తెలిపేది. రెండవది సంఖ్య, అనగా ఇప్పటికి ఎన్ని అంశాలు చేరాయో తెలిపేది. ఆ రెండూ సమానం కాగానే అర్రేను పెంచాలి.

 కొత్త = రియాలక్(మార్కులు, 2 * సామర్థ్యం * సైజాఫ్(ఇంట్));
 ఇఫ్ (కొత్త != నల్) {
     మార్కులు = కొత్త;
     సామర్థ్యం = 2 * సామర్థ్యం;
 }

రియాలక్ ఇచ్చిన ఫలితాన్ని నేరుగా "మార్కులు" అనే పాయింటరులోనే ఉంచకపోవడాన్ని గమనించవలెను. చోటు దొరకకపోతే రియాలక్ నల్‌ను ఇస్తుంది కాని పాత అర్రేను అలాగే ఉంచుతుంది. ఆ నల్‌ను పాత పాయింటరులో రాసివేస్తే అర్రే చిరునామా పోతుంది. అందులోని మార్కులు మెమరీలో ఉన్నా వాటిని చేరే దారి ఉండదు. అందుకే ముందుగా "కొత్త" అనే వేరొక పాయింటరులో ఉంచి, పరీక్షించి, ఆ తరువాతే మార్చుకోవాలి.

ప్రతిసారీ ఒక్క అంశం చొప్పున కాక రెట్టింపు చొప్పున పెంచడానికి కారణం ఉన్నది. ప్రతి పెంపులోనూ అర్రే వేరొక చోటికి మారవలసి వచ్చిందనుకుందాం. ఒక్కొక్కటిగా పెంచుతూ 1,000 అంశాలకు చేరితే పాత అంశాలను నకలు చేయవలసిన మొత్తం 1 + 2 + 3 + ... + 999, అనగా 4,99,500. ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోతే పది పెంపులతో 1,024 అంశాల చోటు వస్తుంది. నకళ్ళ మొత్తం 1 + 2 + 4 + ... + 512, అనగా 1,023 మాత్రమే. కొంత చోటు ఖాళీగా ఉండిపోయినా కాలం ఎంతో ఆదా అవుతుంది.

== తెలుగు పేర్లకు చోటు ==

సి భాషలో పేరు, వాక్యం వంటివి కూడా అర్రేలే. చివర సున్నా విలువ గల ఒక బైటు ముగింపు గుర్తుగా ఉంటుంది. కనుక ఒక పేరును భద్రపరచడానికి దాని పొడవు కంటే ఒక బైటు ఎక్కువ అడగాలి.

తెలుగు పేర్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు పడతాయి. "రాము" అనే పేరు కంటికి రెండు అక్షరాలే. కాని ర, దీర్ఘం, మ, ఉత్వం అని అందులో నాలుగు సంకేతాలు ఉన్నాయి. అనగా 12 బైట్లు, ముగింపు గుర్తుతో కలిపి 13 బైట్లు. రెండక్షరాల పేరే కదా అని 3 బైట్లు అడిగితే చాలదు. ప్రామాణిక లైబ్రరీలోని స్ట్రెలెన్ అనే ప్రమేయం అక్షరాలను కాక బైట్లను లెక్కిస్తుంది కనుక, అది ఇచ్చిన సంఖ్యకు ఒకటి కలిపి మాలక్‌కు ఇస్తే సరిపోతుంది.

== రెండు కొలతల అర్రే ==

60 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 6 సబ్జెక్టుల మార్కులు ఉన్నాయనుకుంటే అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టిక కావాలి. దీనికి రెండు మార్గాలు కలవు.

# '''పాయింటర్ల అర్రే''': ముందుగా 60 పాయింటర్లకు చోటు తీసుకొని, ఆ తరువాత ఒక్కొక్క పాయింటరుకు 6 పూర్ణాంకాల చోటు తీసుకోవాలి. మాలక్‌ను మొత్తం 61 సార్లు పిలవాలి. అప్పగించేటప్పుడు ముందు 60 వరుసలనూ ఫ్రీ చేసి, చివరకు పాయింటర్ల అర్రేను ఫ్రీ చేయాలి. క్రమం తప్పితే వరుసల చిరునామాలు ముందే చేజారిపోతాయి.
# '''ఒకే పొడవైన అర్రే''': 60 * 6, అనగా 360 పూర్ణాంకాల చోటును ఒకేసారి తీసుకోవాలి. ఒక అంశాన్ని చేరడానికి "వరుస * 6 + సబ్జెక్టు" అని లెక్క కట్టాలి. రెండవ వరుసలో మూడవ సబ్జెక్టు, సున్నా నుండి లెక్కిస్తే, 2 * 6 + 3 = 15వ అంశం అవుతుంది. ఇందులో మాలక్ ఒక్కటే, ఫ్రీ కూడా ఒక్కటే. వరుసలన్నీ సమాన పొడవు గలవైతే ప్రారంభకులకు ఇదే సులభం.

== సాధారణంగా జరిగే పొరపాట్లు ==

* '''హద్దు దాటడం''': ఎన్ అంశాల అర్రేలో చివరిది ఎన్-1వ అంశం. ఆవృతంలో "<" కు బదులు "<=" రాస్తే ఒక అంశం మేరకు హద్దు దాటుతుంది.
* '''మెమరీ లీకు''': ఫ్రీ చేయడం మరచిపోవడం. చిన్న ప్రోగ్రాము ముగియగానే ఆపరేటింగ్ సిస్టమే చోటును వెనక్కు తీసుకుంటుంది కనుక నష్టం కనబడదు. కాని రాత్రింబవళ్ళు నడిచే సర్వరు సంగతి వేరు. ఒక అభ్యర్థనకు 240 బైట్ల చొప్పున, సెకనుకు 1,000 అభ్యర్థనలలో లీకైతే ఒక రోజులో 2,073.6 కోట్ల బైట్లు, అనగా 20 గిగాబైట్లకు పైగా, పోతుంది.
* '''ఫ్రీ చేసిన తరువాత వాడడం''': ఆ చోటు అప్పటికే వేరొక పనికి కేటాయించబడి ఉండవచ్చును.
* '''రెండుసార్లు ఫ్రీ చేయడం''': ఇది హీప్ నిర్వహణకు సంబంధించిన లెక్కలనే పాడు చేయగలదు.
* '''పాయింటరుపై సైజాఫ్''': స్థిర అర్రేపై సైజాఫ్ వాడితే మొత్తం అర్రే పరిమాణం వస్తుంది. డైనమిక్ అర్రేకు వాడితే పాయింటరు పరిమాణం మాత్రమే, 64 బిట్ల కంప్యూటర్లలో సాధారణంగా 8, వస్తుంది.
* '''గుణకారంలో పొంగిపోవడం''': 32 బిట్ల కంప్యూటరులో బైట్ల సంఖ్య 4,29,49,67,295 దాటరాదు. 1,07,37,41,825 పూర్ణాంకాలు అడిగితే బైట్లు 4,29,49,67,300 కావాలి. హద్దు దాటిన లెక్క మరల సున్నా నుండి మొదలై 4 వద్ద ఆగుతుంది. మాలక్ 4 బైట్లే ఇచ్చి విజయవంతమైనట్లు తెలుపుతుంది. కాలక్‌కు రెండు సంఖ్యలనూ విడిగా ఇస్తాం కనుక, నేటి లైబ్రరీలలో అది ఈ పొరపాటును పసిగట్టి నల్‌ను ఇస్తుంది.

== హార్ట్‌బ్లీడ్ ==

డైనమిక్ అర్రేకు తన పొడవు తనకు తెలియదు అనే విషయం ఎంతటి నష్టానికి దారితీయగలదో 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం చూపింది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సి లైబ్రరీలో ఈ లోపం ఉన్నది. అవతలి కంప్యూటరు ఒక చిన్న సందేశాన్ని, దాని పొడవును పంపితే, సర్వరు అదే సందేశాన్ని తిరిగి పంపడం అక్కడి ఏర్పాటు. వచ్చిన సందేశం నిజంగా అంత పొడవు ఉన్నదా అని ప్రోగ్రాము సరిచూడలేదు. ఒక్క బైటు పంపి, పొడవు మాత్రం దాదాపు 64 కిలోబైట్లని చెబితే, హీప్‌లో ఆ సందేశం పక్కనున్న ఇతర సమాచారమంతా సర్వరు పంపివేసేది. అందులో సంకేతపదాలు, రహస్య తాళాలు కూడా ఉండే అవకాశం కలదు. 2012లో విడుదలైన 1.0.1 కూర్పుతో ప్రవేశించిన ఈ లోపాన్ని 1.0.1జి కూర్పులో సరిచేశారు. ఆ సవరణలోని కీలకాంశం, చెప్పిన పొడవును అసలు పొడవుతో పోల్చి చూడడమే.

== పరీక్షించే సాధనాలు ==

ఇటువంటి పొరపాట్లు కంటికి సులభంగా చిక్కవు కనుక వాటిని పట్టుకునే సాధనాలు రూపొందాయి. 2002లో మొదటి కూర్పు వెలువడిన వాల్‌గ్రిండ్ ప్రోగ్రామును తన పర్యవేక్షణలో నడిపి, లీకులను, ఫ్రీ చేసిన చోటును తాకిన సందర్భాలను తెలుపుతుంది. అడ్రస్ శానిటైజర్ అనేది జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలోనే ఇమిడి ఉన్న సదుపాయం. కంపైలు చేసేటప్పుడు కోరితే, హద్దు దాటిన చోట ప్రోగ్రామును ఆపి, ఏ వరుసలో తప్పు జరిగిందో చూపుతుంది. ఈ రెండూ ఉచితంగా లభిస్తాయి. అయితే ఇవి ప్రోగ్రాము నిజంగా నడిచిన దారిలోని తప్పులనే చూపగలవు. అందుచేత ప్రతి మాలక్ రాసేటప్పుడే దానికి తగిన ఫ్రీ ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవడం, అర్రేను ఒక ప్రమేయానికి పంపినప్పుడల్లా దాని పొడవును కూడా వెంట పంపడం అభ్యాసం చేయవలెను.

== ఇవి కూడా చూడండి ==

* సి ప్రోగ్రామింగ్ భాష
* పాయింటరు
* అర్రే
* లింక్డ్ లిస్టు
* యూనికోడ్